చలికాలం క్యాంపర్‌లో నీళ్ల పైపులు గడ్డకట్టకుండా ఏది బెటర్, గడ్డకట్టేశాక ఏది ముందు చెయ్యాలి

మా క్యాంపర్‌లో (పడుకోవడానికి, వండుకోవడానికి అన్నీ ఉండే బండి) పొద్దున్నే ఆరింటికి లేచి సింక్ దగ్గర ట్యాప్ తిప్పితే ఒక్కసారి దగ్గినట్టు చప్పుడొచ్చింది, రెండు చుక్కలు పడ్డాయి, అంతే, ఇంక ఏం రాలేదు. లోపల థర్మామీటర్ 21 డిగ్రీలు చూపిస్తుంది, బయట మైనస్ 11. రాత్రంతా ఎలక్ట్రిక్ రూమ్ హీటర్ నడుస్తూనే ఉంది, మేము వెచ్చగా పడుకున్నాం, మరి పైపులెందుకు గడ్డకట్టాయో ఆ రోజు నాకు అస్సలు అర్థం కాలేదు. మంచులో వెల్లకిలా పడుకుని బెల్లీ (బండి అడుగున పైపులూ ట్యాంకులూ ఉండే చోటు) కవర్ స్క్రూలు ఊడదీసి చెయ్యి లోపలికి పెడితే పైపు ఇనప కడ్డీలా ఉంది, దాని మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొడి. మధ్యాహ్నం దాకా ఎక్కడా లీక్ కనపడలేదు, హమ్మయ్య అనుకున్నాం, తీరా ఐస్ కరిగాక తెలిసింది టాయిలెట్ వెనకాల ఎల్బోకి, అంటే పైపు మలుపు దగ్గర ఉండే జాయింట్‌కి, వెంట్రుకంత పగులు పడిందని, మేము చూసేసరికి ఫ్లోర్ కింద ఇన్సులేషన్ మొత్తం నానిపోయింది.

అప్పట్నుంచి ఒకటొకటీ వాడి చూసి, కొన్ని మార్చి, కొన్ని పారేసి, ఇప్పుడు ఏది ఎవరికి పనికొస్తుందో ఒక లెక్కకి వచ్చాను, అదే ఇక్కడ రాస్తున్నా. మార్కెట్లో ఏం కొనాలి అనేదానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ చలికాలం మీరు క్యాంపర్‌లో ఉంటారా, లేక దాన్ని పార్క్ చేసి వదిలేస్తారా? ఉంటే పైపుల్లో నీళ్లుంటాయి కాబట్టి పైపు దగ్గర వేడి ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. వదిలేస్తే వేడి ఉండదు కాబట్టి ఒక్క చుక్క నీళ్లు కూడా మిగలకూడదు. నేను చూసినంతలో పైపులు పగిలినవాళ్లంతా ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవాళ్లే, అంటే ఫోమ్ చుట్టాం కదా చాలు అనుకున్నవాళ్లు, ట్యాంక్ ఖాళీ చేశాం కదా పైపుల్లో ఏముంటుందిలే అనుకున్నవాళ్లు, వీకెండ్‌కి వచ్చి నీళ్లు వాడుకుని ఆదివారం రాత్రి అలాగే తాళం వేసి వెళ్లిపోయినవాళ్లు.

అసలు పైపు ఎందుకు పగులుతుందో తెలిస్తే తర్వాత చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి. నీళ్లు ఐస్ అయినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, అది అందరికీ తెలిసిందే. కానీ చాలాసార్లు పగులు వచ్చేది ఐస్ ఉన్నచోట కూడా కాదు, ఒకచోట ఐస్ బిరడాలా పట్టేసి అక్కణ్ణుంచి పెరుగుతూ పోతుంటే, ఆ బిరడాకీ మూసి ఉన్న ట్యాప్‌కీ మధ్యలో ఇరుక్కున్న నీళ్ల మీద ప్రెషర్ విపరీతంగా పెరిగిపోయి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది. ఇప్పటి క్యాంపర్లలో ఎక్కువగా ఉండే పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు కొంచెం సాగుతుంది, అది ఒకట్రెండుసార్లు గడ్డకట్టినా తట్టుకుంటుంది. తట్టుకోలేనివి ప్లాస్టిక్ ఎల్బోలు, పంప్ తల, ఫిల్టర్ బౌల్, టాయిలెట్ వాల్వ్, షవర్ మిక్సర్, బయట షవర్. అందుకే ఏ పద్ధతి ఎంచుకున్నా అది పైపుని కాపాడుతుందా అని చూడటం సరిపోదు, ఈ ఫిట్టింగుల దాకా వెళ్తుందా అని చూడాలి.

ఎంత చలికి ఎంత హడావుడి చెయ్యాలి అనేది ఇంకో ప్రశ్న. రాత్రి ఒక రెండు గంటలు మైనస్ 1, మైనస్ 2 కి వెళ్లి పొద్దున మళ్లీ ఎండొస్తే, బయట ఉన్న గొట్టం, బయట షవర్ తప్ప లోపల పైపులకి సాధారణంగా ఏం కాదు. రాత్రంతా మైనస్ 6, మైనస్ 7 కి కిందే ఉంటే, దానికి తోడు గాలి వీస్తుంటే, అప్పుడు మాత్రం దేన్నీ వదలకూడదు. గాలి వల్ల పైపు బయటి టెంపరేచర్ కంటే చల్లబడదు గానీ చాలా తొందరగా చల్లబడుతుంది, నాలుగు గంటలు పట్టేది గంటలో అయిపోతుంది. నా మాట వినండి, వేరే ఏదైనా కొనేముందు వైర్‌తో సెన్సర్ ఉండే చిన్న థర్మామీటర్ ఒకటి తీసుకుని ఆ సెన్సర్ బెల్లీలో పైపు పక్కన పెట్టండి. మీరు కూర్చున్నచోట ఎంత ఉందో మీ ఒంటికే తెలుస్తుంది, పైపు ఉన్నచోట ఎంత ఉందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అది 4 డిగ్రీలకి దిగిందంటే లేచి ఏదో ఒకటి చెయ్యాల్సిందే.

ఇక ఉండేవాళ్ల సంగతి. ఇక్కడ అన్నిటికంటే పెద్ద ఎంపిక ఫర్నేసా (గ్యాస్‌తో కాలి వేడి గాలిని తోసే క్యాంపర్ హీటర్), ఎలక్ట్రిక్ రూమ్ హీటరా అనేది, నేను దెబ్బతిన్నది కూడా సరిగ్గా ఇక్కడే. కింద మూసి ఉన్న బెల్లీ ఉండే క్యాంపర్లలో చాలావాటికి ఫర్నేస్ గాలి గొట్టాల్లోంచి కొంత వేడి బెల్లీలోకి కూడా వెళ్లేలా పెడతారు, ట్యాంకులకీ పైపులకీ అదే ఆధారం. మీరు కరెంట్ హీటర్ పెట్టుకుంటే రూమ్ వెచ్చబడుతుంది, థర్మోస్టాట్ దాన్ని చూసి ఇంక చాల్లే అనుకుని ఫర్నేస్‌ని ఆన్ చెయ్యదు, కింద పైపులకి రాత్రంతా ఒక్క ఊపు వేడి గాలి కూడా అందదు. పైన 21, కింద మైనస్ 5. మామూలు రూమ్ హీటర్ 1500 వాట్లు, క్యాంపర్ ఫర్నేస్ అయితే దాదాపు 6 నుంచి 10 కిలోవాట్ల దాకా ఉంటుంది, పైగా అది గాలిని తోస్తుంది, కాబట్టి గడ్డకట్టే రాత్రుల్లో ఈ రెండింటికీ అసలు పోలికే లేదు. గ్యాస్ మిగలాలంటే చలి తక్కువున్న రోజుల్లో, పగటిపూట హీటర్ వాడుకోండి, మైనస్ 4 కి దిగే రాత్రి మాత్రం ఫర్నేస్ గంటకి ఒకట్రెండుసార్లైనా తిరిగేలా థర్మోస్టాట్ పెట్టండి. రెండూ కలిపి నడపాలంటే హీటర్‌ని థర్మోస్టాట్‌కి దూరంగా, తక్కువ సెట్టింగ్‌లో, బాత్రూమ్ పక్కనో పంప్ ఉన్న క్యాబినెట్ ఎదురుగానో పెట్టండి. సింక్ కింద, టాయిలెట్ పక్కన, మంచం కింద ఉన్న క్యాబినెట్ తలుపులన్నీ రాత్రి బార్లా తీసి ఉంచండి, ఎందుకంటే పైపులు సరిగ్గా బయటి గోడని ఆనుకునే పోతాయి, తలుపు మూస్తే లోపల ఫ్రిజ్ లెక్కే.

అయితే ఫర్నేస్‌ని నమ్ముకునేవాళ్లు రెండు విషయాలు ముందే చూసుకోవాలి. ఒకటి గ్యాస్. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది, బ్యూటేన్ మాత్రం సున్నా దగ్గరికి రాగానే ఆగిపోతుంది, కాబట్టి సిలిండర్‌లో బ్యూటేన్ ఎక్కువ కలిసి ఉంటే సిలిండర్ సగం నిండుగా ఉన్నా అర్ధరాత్రి ఫర్నేస్ ఆరిపోతుంది. చలికాలానికి ప్రొపేన్ అని అడిగి తీసుకోండి. రెండోది బ్యాటరీ. ఫర్నేస్ ఫ్యాన్ 12 వోల్ట్ మీద సుమారు 7, 8 ఆంపియర్లు లాగుతుంది, పది గంటల రాత్రిలో సగం టైమ్ తిరిగినా 35, 40 ఆంపియర్ అవర్లు పోతాయి, ప్లగ్ పాయింట్ లేని చోట పాత బ్యాటరీతో ఆ రాత్రి గడవదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే సున్నా కంటే కింద ఛార్జ్ చెయ్యకూడదు, దాన్ని కూడా వెచ్చగా ఉండే చోటే పెట్టాలి. ఇంకా ముఖ్యమైనది, గ్యాస్ స్టవ్, అవెన్ వెలిగించి వేడి పెట్టుకోవడం అస్సలు వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. పొగ గొట్టం లేని గ్యాస్ హీటర్లతో ఇంకో బాధ కూడా ఉంది, ఒక కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నర పైనే నీటి ఆవిరి వస్తుంది, అదంతా గోడలకీ కిటికీలకీ పట్టి కారుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తుందో లేదో ఈరోజే బటన్ నొక్కి చూడండి.

తర్వాత అందరూ అడిగేది ఫోమ్ ట్యూబ్ చుట్టాలా, హీట్ టేప్ వెయ్యాలా అని. ఫోమ్ వేడిని పుట్టించదు, ఉన్న వేడి తొందరగా పోకుండా ఆపుతుంది, అంతవరకే. పక్కన ఏదో ఒక వేడి ఉన్నప్పుడు, నీళ్లు కదులుతున్నప్పుడు అది బాగా పనికొస్తుంది, పది గంటలు కదలకుండా నిలబడ్డ నీళ్లకి మాత్రం గడ్డకట్టే టైమ్‌ని కొంచెం వెనక్కి నెడుతుంది. హీట్ టేప్ అంటే పైపుకి చుట్టే కరెంట్ తీగ, నిజంగా వేడి ఇచ్చేది, అందులో రెండు రకాలు. మామూలు రకం చివరి దాకా ఒకే వాట్లతో కాలుతుంది, థర్మోస్టాట్ సుమారు 3 డిగ్రీల దగ్గర ఆన్ చేస్తుంది, రేటు తక్కువే గానీ దాన్ని దాని మీదే దాటిస్తూ చుడితే ఆ ముడి దగ్గర వేడి పేరుకుపోయి ప్లాస్టిక్ కరగొచ్చు, మంటలు కూడా రావొచ్చు, పొడవు ఎక్కువైందని కత్తిరించడానికి కూడా వీల్లేదు. రెండోది సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకం, రెండు తీగల మధ్య ఉండే పదార్థం చల్లబడేకొద్దీ ఎక్కువ కరెంట్ పోనిస్తుంది, వేడెక్కేకొద్దీ తగ్గించేస్తుంది, ఎక్కడ చలుంటే అక్కడే ఎక్కువ కాలుతుంది. పెక్స్ లాంటి ప్లాస్టిక్ పైపుకి, చెయ్యి పట్టని ఇరుకు మూలలకి నేనైతే ఈ రెండోదే తప్ప వేరేది సజెస్ట్ చెయ్యను, డబ్బులు ఎక్కువే, అయినా సరే. ప్లాస్టిక్ పైపుకి వాడొచ్చని ప్యాకెట్ మీద రాసి ఉందో లేదో చూడండి, పైన ఫోమ్ చుట్టొచ్చో లేదో కూడా అక్కడే ఉంటుంది. బెల్లీ మొత్తం వెయ్యక్కర్లేదు, పంప్ నుంచి మొదటి మలుపు దాకా, టాయిలెట్ వెనకాల, ఎక్కడ గడ్డకడుతుందో మీకు ఇప్పటికే తెలిసిన చోట్ల వేస్తే చాలు. ప్లగ్ పాయింట్ లేని చోట ఉండేవాళ్లకి మాత్రం ఇది కుదరడం కష్టం, రాత్రంతా దాన్ని మోసేంత బ్యాటరీ చాలామందికి ఉండదు.

బయట కుళాయి నుంచి వచ్చే గొట్టం విషయంలో మూడు దారులున్నాయి, హీటెడ్ హోస్ (కరెంట్‌తో తనంతట తనే వేడెక్కే గొట్టం) కొనడం, మామూలు గొట్టానికి హీట్ టేప్, ఫోమ్ మనమే చుట్టడం, లేదా గొట్టమే పెట్టకుండా సాయంత్రం ఫ్రెష్ ట్యాంక్ నింపుకుని గొట్టం తీసేసి పంప్‌తో నడుపుకోవడం. నాకు మూడోదే ఇష్టం, ఖర్చు లేదు, కరెంట్ పోయినా భయం లేదు, ఎక్కడైనా పగిలినా ట్యాంక్‌లో ఉన్నంతే కారుతుంది, గొట్టం తగిలించి ఉంటే రాత్రంతా ధారగా కారుతూనే ఉంటుంది. తీసిన గొట్టాన్ని చివరిదాకా ఎత్తి పట్టుకుని నీళ్లు వంచేసి లోపల పెట్టుకోండి, లేకపోతే పొద్దున అది కర్రలా ఉంటుంది. నెలల తరబడి ఒకేచోట ఉండేవాళ్లకి, ఇంట్లో చిన్నపిల్లలుండి రోజూ నీళ్లు బాగా వాడేవాళ్లకి హీటెడ్ హోస్ డబ్బులకి న్యాయం చేస్తుంది. మనమే చుట్టుకునేది చవకే గానీ గొట్టం రెండు చివర్లు, అంటే కుళాయి దగ్గర, క్యాంపర్ ఇన్‌లెట్ దగ్గర ఉండే నాలుగేసి అంగుళాలు ఎప్పుడూ బయటే ఉండిపోతాయి, గడ్డకట్టేది కూడా అక్కడే.

చుట్టూ స్కర్టింగ్ కట్టడం, అంటే క్యాంపర్‌కీ నేలకీ మధ్య ఖాళీని మూసెయ్యడం గురించి ఒక్క మాట. రెండు రోజుల ట్రిప్‌కి అనవసరం, నెలకి పైగా ఉండేవాళ్లకి మాత్రం అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించేది ఇదే, ఎందుకంటే కింద గాలి ఆగిపోతుంది, నేలలో ఉండే వేడి అక్కడే నిలబడుతుంది. ఫోమ్ బోర్డు వేడిని బాగా ఆపుతుంది కానీ గాలికి ఎగిరిపోకుండా టేప్ వెయ్యాలి, అంచులు సరిగ్గా కొయ్యాలి, ఎలుకలు కొరుకుతాయి. వినైల్ గుడ్డ మడిచి పెట్టుకోవచ్చు, ఏళ్ల తరబడి వస్తుంది, వేడిని మాత్రం ఫోమ్ అంత ఆపదు. ఏదైనా ఫర్నేస్ పొగ బయటికి పోయే చోటు, గ్యాస్ సిలిండర్ల దగ్గర గాలి ఆడే చోటు మూసెయ్యకండి. ట్యాంకుల కింద అతికించే 12 వోల్ట్ హీటర్ ప్యాడ్లు కూడా మంచివే, అవి ట్యాంక్ కోసమే, పైపుల్ని కాపాడవు. ట్యాంక్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం వాటిని ఆన్ చెయ్యకండి.

ఇంట్లో చేసినట్టు ట్యాప్‌ని సన్నగా వదిలెయ్యడం క్యాంపర్‌లో పనికిరాదని నా గట్టి అభిప్రాయం. నిమిషానికి 100 మిల్లీలీటర్లు వదిలినా ఎనిమిది గంటల్లో 48 లీటర్లు గ్రే ట్యాంక్‌లోకి (సింక్, షవర్ నీళ్లు చేరే ట్యాంక్) చేరతాయి, పంప్ మీద ఉంటే ఫ్రెష్ ట్యాంక్ ఖాళీ అవుతుంది, సరే గ్రే వాల్వ్ తీసి పెడదాం అనుకుంటే ఆ సన్నటి ధార మురుగు గొట్టంలో పోతూ పోతూ పొరలు పొరలుగా ఐస్ కట్టి పొద్దునకి గొట్టం మొత్తం పూడిపోతుంది. గ్రే, బ్లాక్ (టాయిలెట్ ట్యాంక్) వాల్వులు రెండూ మూసే ఉంచండి, నిండాక ఒకేసారి జోరుగా వదలండి, వదిలాక గొట్టంలో గుంట లేకుండా వాలుగా ఉండేలా చూడండి.

ఇక పార్క్ చేసి వదిలేసేవాళ్లకి ఎంపిక గాలితో ఊదడమా, పింక్ యాంటీఫ్రీజ్ (గట్టిగా గడ్డకట్టని ద్రవం) నింపడమా అనేది. ఏది చేసినా మొదటి సగం పని ఒకటే, ఫ్రెష్ ట్యాంక్ వంచెయ్యాలి, కిందున్న రెండు డ్రెయిన్ మూతలు తియ్యాలి, వాటర్ హీటర్ ఆపి చల్లారనిచ్చి ప్రెషర్ వదిలాకే దాని ప్లగ్ తియ్యాలి, వేడిగా ఉన్నప్పుడు తీస్తే ముఖం మీదికి మరుగునీళ్లు చిమ్ముతాయి. ఖాళీ చేసిన హీటర్‌కి కరెంట్ స్విచ్ ఆఫ్‌లో ఉండేలా చూసి దాని మీద ఒక టేప్ ముక్క అంటించండి, నీళ్లు లేకుండా ఆన్ చేస్తే ఎలిమెంట్ క్షణాల్లో మాడిపోతుంది.

గాలి పద్ధతికి కంప్రెసర్, రెగ్యులేటర్, సిటీ వాటర్ ఇన్‌లెట్‌కి (బయట కుళాయి గొట్టం తగిలించే చోటు) పెట్టే చిన్న కనెక్టర్ కావాలి. ప్రెషర్ 40 పీఎస్ఐ దాటనివ్వకండి, తొందరగా అవుతుందని 80 పెడితే మనమే ఫిట్టింగులు పగలగొట్టుకున్నట్టు. అసలు కావాల్సింది ప్రెషర్ కంటే గాలి ఎక్కువ రావడం, టైర్లకి గాలి కొట్టే చిన్న పంపుతో అది రాదు, అది నీళ్ల మీద నుంచి బుడగలా దాటిపోతుంది, నీళ్లు అక్కడే ఉంటాయి. ఒక్కో ట్యాప్ విడిగా, వేడిది చల్లనిది వేరువేరుగా తెరిచి, టాయిలెట్, షవర్, బయట షవర్ దేన్నీ మర్చిపోకుండా, తుంపర కూడా రానంతవరకు ఊదాలి, ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ ఇంకోసారి మొత్తం చెయ్యాలి, ఎందుకంటే గోడలకి పట్టిన నీళ్లు కిందికి జారి పల్లంలో మళ్లీ చేరతాయి. ఈ పద్ధతిలో మంచి ఏంటంటే నీళ్లకి రుచి మారదు, వారం తర్వాత మళ్లీ ట్రిప్‌కి వెళ్లాలన్నా అరగంటలో రెడీ. లోటు ఏంటంటే పంప్ తలలో ఎప్పుడూ కొంచెం మిగులుతుంది, సింక్ కింద వంపు గొట్టాల్లో నీళ్లు ఎలాగూ ఉంటాయి, వాటికి యాంటీఫ్రీజ్ పొయ్యక తప్పదు.

యాంటీఫ్రీజ్ పద్ధతిలో వాటర్ హీటర్‌ని బైపాస్ చేసి (దాంట్లోకి పోకుండా పక్కనుంచి మళ్లించి), పంప్ పీల్చే గొట్టాన్ని డబ్బాలో పెట్టి, ప్రతి ట్యాప్‌లో వేడి వైపూ చల్లని వైపూ పింక్ రంగు చిక్కగా వచ్చేదాకా వదలడమే, మామూలు క్యాంపర్‌కి 8 నుంచి 11 లీటర్లు సరిపోతుంది. బైపాస్ వాల్వ్ లేకపోతే హీటర్ ట్యాంక్ నిండటానికే ఇంకో 20, 30 లీటర్లు పోతుంది, ముందు ఆ వాల్వ్ పెట్టించుకోండి. కొనేటప్పుడు ప్రొపిలీన్ గ్లైకాల్ అని ఉన్నదే తీసుకోండి, కారు ఇంజన్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలు, కుక్కలు తాగేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆల్కహాల్ కలిపిన చవక రకం కూడా ఉంటుంది, అది రబ్బరు సీళ్లని ఎండగొడుతుంది, నేను వాడను. డబ్బా మీద మైనస్ 50 అని పెద్దగా రాసి ఉంటుంది చూడండి, అది ఫారన్‌హీట్, అంటే మైనస్ 46 సెల్సియస్, అదీ పైపు పగలకుండా ఆపే హద్దు మాత్రమే. చాలా ముందే, మైనస్ 10 ఆ ప్రాంతంలోనే అది ఐస్ గోలా లాగా ముద్దగా అవుతుంది, అయినా గట్టిగా ఉబ్బదు కాబట్టి పైపుకి ఏం కాదు. కానీ లోపల పాత నీళ్లు మిగిలి ఉండి అందులో కలిస్తే ఆ హద్దు ఎక్కడికో పైకి వచ్చేస్తుంది, అందుకే ముందు పూర్తిగా వంచకుండా యాంటీఫ్రీజ్ పోస్తే డబ్బులూ పోతాయి, పైపూ పోతుంది.

నేనైతే మొత్తం చలికాలం వదిలేస్తే, చలి మైనస్ 15 కి కూడా దిగే చోటైతే, గాలితో ఊది ఆ తర్వాత యాంటీఫ్రీజ్ కూడా వేస్తా, రెండూ కలిపి రెండు గంటల పని. మధ్యమధ్యలో వచ్చి వాడుకుంటూ ఉంటే గాలి ఒక్కటే, పంప్‌కీ వంపు గొట్టాలకీ మాత్రం ఒక లీటరు పింక్. కంప్రెసర్ లేనివాళ్లు, మొదటిసారి చేసేవాళ్లు యాంటీఫ్రీజ్‌తోనే మొదలుపెట్టండి, రంగు కనపడుతుంది కాబట్టి ఎక్కడ చేరలేదో కంటికే తెలిసిపోతుంది.

ఇన్ని చేసినా ఒక పొద్దున నీళ్లు రాలేదనుకోండి, కంగారుపడి వేడి పెట్టడం మొదలుపెట్టకండి, ముందు పంప్ ఆపండి, గొట్టం తగిలించి ఉంటే కుళాయి కట్టండి, వాటర్ హీటర్ కూడా ఆపండి, ట్యాప్‌లు మాత్రం తెరిచి ఉంచండి, ఐస్ కరిగేటప్పుడు ప్రెషర్ పోవడానికి దారి ఉండాలి. తర్వాత ఎక్కడ పట్టిందో కనుక్కోండి. పంప్ ఆపేముందు చూసినప్పుడు వేడి వైపు వస్తూ చల్లని వైపు రాకపోతే ఆ ఒక్క కొమ్మలోనే ఉంది. కిచెన్‌లో వచ్చి బాత్రూమ్‌లో రాకపోతే ఆ రెండింటి మధ్యలో వెతకాలి. ఎక్కడా రాకపోతే పంప్, ఇన్‌లెట్, లేదా బయట గొట్టం. పంప్ ఆన్ చేయగానే ఫ్యూజ్ కొట్టేస్తే పంప్ తలలోనే ఐస్ ఉందన్నమాట, దాన్ని మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి. చేత్తో తడుముతూ పోతే వేళ్లకే తెలుస్తుంది, మామూలు చల్లదనం వేరు, చర్మం అంటుకునేంత చల్లదనం వేరు.

కరిగించడానికి నా మొదటి ఎంపిక ఎప్పుడూ మొత్తం వెచ్చబెట్టడమే, ఫర్నేస్ 25 కి పెట్టి, క్యాబినెట్లన్నీ తీసి, చిన్న ఫ్యాన్‌తో వేడి గాలిని ఆ మూలల్లోకి తోలితే రెండు నుంచి నాలుగు గంటల్లో లోపలి పైపులు వాటంతటవే వదులుతాయి, ఏ ఫిట్టింగ్ మీదా దెబ్బ పడదు. చోటు ఖచ్చితంగా తెలిసి చెయ్యి పట్టేలా ఉంటే హెయిర్ డ్రయర్ బెస్ట్, ట్యాప్ వైపు నుంచి మొదలుపెట్టి గడ్డ వైపు మెల్లగా జరుపుతూ పోవాలి, ఒకేచోట పెట్టి ఉంచకూడదు. అరంగుళం పెక్స్ పైపులో మీటరుకి పట్టే ఐస్ సుమారు 110 గ్రాములే, కానీ ఐస్‌ని కరిగించడానికి పట్టే వేడి అదే బరువు నీళ్లని సున్నా నుంచి 80 డిగ్రీలకి తీసుకెళ్లడానికి పట్టేంత. దానికి తోడు డ్రయర్ గాలిలో ఎక్కువ భాగం పక్కకే పోతుంది, అందుకే పైపు చుట్టూ ఒక టవల్ గానీ రేకు గానీ గొట్టంలా వదులుగా చుట్టి అందులోకి గాలి పెడితే సగం టైమ్‌లో అవుతుంది. హీట్ గన్ వద్దు, దాని గాలి వందల డిగ్రీలు ఉంటుంది, పెక్స్ తట్టుకునేది 80, 90 దాకానే. మంట అస్సలు వద్దు, చుట్టూ ఉన్నది ఫోమ్, చెక్క, గ్యాస్ పైపు. మరుగునీళ్లు కూడా వద్దు, బిర్రుగా ఉన్న ప్లాస్టిక్ ఒక్కసారిగా పగులుతుంది, కారిన నీళ్లు కింద మళ్లీ ఐస్ అవుతాయి, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డ చుట్టొచ్చు, అది చల్లారగానే మార్చాలి. బెల్లీలో అయితే ఒక మూల కవర్ కొంచెం వదులు చేసి చిన్న హీటర్ గాలిని గొట్టం ద్వారా లోపలికి పంపండి, మనిషి పక్కనే ఉండాలి, పెట్టేసి టీ తాగడానికి వెళ్లకూడదు. మురుగు వాల్వ్ బిగుసుకుంటే పిడి పట్టి గుంజకండి, లోపల కేబుల్ తెగిపోతే ట్యాంక్ కిందకి దించి పని చెయ్యాలి, తలప్రాణం తోకకొస్తుంది. ఏమీ తోచకపోతే, మధ్యాహ్నం ఎండ వచ్చి సున్నా పైకి 5, 6 డిగ్రీలు అవుతుందంటే, అప్పటిదాకా ఆగడం కూడా మంచి దారే, తాగడానికి ఒక క్యాన్ నీళ్లు లోపల ఉంటే చాలు.

నీళ్లు వచ్చేశాయి అనగానే పని అయిపోయినట్టు కాదు, మేము మోసపోయింది అక్కడే. పగులు ఉన్నచోట ఐసే బిరడాలా పట్టుకుని ఉంటుంది, అది పూర్తిగా కరిగాకే కారడం మొదలవుతుంది. అందుకే గొట్టం నుంచి కాకుండా ట్యాంక్‌లో కొంచెం నీళ్లతో పంప్ ఆన్ చేసి, ప్రెషర్ ఎక్కి పంప్ ఆగాక ట్యాప్‌లన్నీ మూసి, లోపల చప్పుడేమీ లేకుండా ఒక అరగంట కూర్చుని వినండి. ఎవరూ నీళ్లు వాడకుండానే పంప్ మధ్యలో రెండు సెకన్లు గుర్రుమని ఆగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అప్పుడు పొడి టిష్యూ కాగితం తీసుకుని ఒక్కో ఫిట్టింగ్ కింద అద్దండి, టాయిలెట్ వెనకాల, షవర్ వెనక ఉండే మూత తీసి లోపల, ఫిల్టర్ బౌల్ అడుగున, పంప్ తల చుట్టూ, హీటర్ వెనకాల వాల్వ్ దగ్గర, కంటికి కనపడని తడి కూడా కాగితం మీద మచ్చలా తెలుస్తుంది. అరంగుళం పుష్ ఫిట్ ఎల్బోలు రెండు, స్ట్రెయిట్ కనెక్టర్లు రెండు, పెక్స్ కట్టర్ ఒకటి ఎప్పుడూ డ్రాయర్‌లో ఉంచుకోండి, పైపు నిటారుగా కోసి లోపల ఆగేదాకా నొక్కితే పది నిమిషాల్లో రిపేర్ అవుతుంది. అదే సాయంత్రం ఇంకోసారి, పడుకునేముందు ఇంకోసారి ఆ టిష్యూతో అద్ది చూడండి, ఫ్లోర్ కింద ఏమైనా తడిసి ఉంటే కవర్ తెరిచే ఉంచి రెండు రోజులు ఫ్యాన్ గాలి పెట్టండి.